జన్యువులను కత్తిరించి అతికే కణాలు

సభకు నమస్కారం.

మన జన్యుపటంలో ప్రొటీన్లకు సంకేతాలిచ్చే జన్యువులు సుమారు 20,000. మన శరీరంలోని బి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) తయారుచేయగల ప్రతిరక్షకాల (రోగకారకాలను పట్టుకునే ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు) రకాలు మాత్రం కోట్లకు కోట్లు. పైగా ప్రకృతిలో ఎన్నడూ లేని రసాయనాన్ని ఏదైనా ప్రొటీన్‌కు తగిలించి జంతువుకు ఎక్కించినా, దానికి సరిపోయే ప్రతిరక్షకం తయారవుతుందని శాస్త్రవేత్త కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రయోగాలు గత శతాబ్దపు పూర్వార్ధంలోనే చూపాయి. పూర్వీకులెవరూ ఎరుగని శత్రువుకు తగిన ఆయుధాన్ని వంశపారంపర్యంగా దాచి ఉంచడం ఎలా సాధ్యం?

దాచి ఉంచలేదన్నదే జవాబు. శరీరం దాచినవి ముక్కలు మాత్రమే. ఈ సంగతిని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో ఉన్న ఇమ్యునాలజీ సంస్థలో పనిచేస్తున్న సుసుము తొనెగావా, నొబుమిచి హొజుమి 1976లో నిరూపించారు. ఎలుక పిండం డీఎన్ఏను, ప్రతిరక్షకాన్ని తయారుచేసే కణితి డీఎన్ఏను ఒకే ఎంజైముతో కోసి పోల్చినప్పుడు, పిండంలో రెండు వేర్వేరు తునకల్లో కనిపించిన జన్యుభాగాలు కణితిలో ఒకే తునకలో కనిపించాయి. శరీరంలోని కణాలన్నింటిలో డీఎన్ఏ ఒకటేనని నమ్మినవారికి ఇది చిన్న విషయం కాదు. తొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రతిరక్షకంలో భారగొలుసు, తేలికగొలుసు అని రెండు రకాల ప్రొటీన్ గొలుసులు ఉంటాయి. మనిషిలో భారగొలుసు జన్యువు 14వ క్రోమోజోముపై ఉంటుంది. అక్కడ పనికివచ్చే జన్యుముక్కలు మూడు రకాలు: వి ముక్కలు సుమారు 40, డి ముక్కలు 23, జె ముక్కలు 6 ఉంటాయి. ఎముక మజ్జలో ఎదుగుతున్న ప్రతి బి కణమూ ఒక్కో రకం నుంచి ఒక్కటి తీసుకుని, మధ్యభాగాన్ని కోసి పారేసి, మిగిలిన కొసలను అతుకుతుంది. కోసే పని రాగ్-1, రాగ్-2 ప్రొటీన్లది. వీటి జన్యువులు 1989, 1990 సంవత్సరాల్లో డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాలలో బయటపడ్డాయి. వి, డి, జె ముక్కల కూర్పులు 40 × 23 × 6, అంటే 5,520 అవుతాయి. తేలికగొలుసుల్లో సాధ్యమయ్యే సుమారు 320 కూర్పులతో గుణిస్తే 17 లక్షలు దాటుతుంది.

అయితే అసలైన వైవిధ్యం ముక్కల ఎంపికలో కంటే అతుకులో ఉందని నా అభిప్రాయం. మన వ్యాకరణంలో సంధి జరిగే చోట ఒక వర్ణం లోపిస్తుంది, మరొకటి ఆగమంగా వచ్చి చేరుతుంది. ఇక్కడా అంతే: తెగిన కొసల్లో కొన్ని డీఎన్ఏ అక్షరాలు రాలిపోతాయి, టీడీటీ అనే ఎంజైము కొన్నింటిని కొత్తగా చేరుస్తుంది. తేడా ఏమిటంటే, యడాగమానికి సూత్రం ఉంది, టీడీటీకి లేదు. అది ఏ మాతృకనూ చూడకుండా తోచిన అక్షరాన్ని పెడుతుంది. ప్రతిజనకాన్ని (ప్రతిరక్షకం గురిపెట్టే పరాయి పదార్థాన్ని) పట్టుకునే చోటుకు నడిబొడ్డున ఉండేది సరిగ్గా ఈ అతుకే కనుక, 17 లక్షలు కోట్ల కోట్లుగా పెరుగుతాయి.

దీనికి మూల్యం ఉంది. డీఎన్ఏ సంకేతాన్ని మూడేసి అక్షరాలుగా చదవాలి కాబట్టి, అడ్డదిడ్డంగా వేసిన అతుకుల్లో దాదాపు మూడింట రెండు వంతులు వరుస తప్పి వృథా అవుతాయి. అప్పుడు కణం 14వ క్రోమోజోము జతలోని రెండోదానిపై మరోసారి ప్రయత్నిస్తుంది. అదీ విఫలమైతే చనిపోతుంది. ఇంత దుబారా చేసే కార్ఖానాను ఏ యజమానీ ఒక్కరోజు కూడా నడపడు.

కథ మజ్జలోనే ముగియదు. ప్రతిజనకం తగిలాక, లసికా గ్రంథుల్లో విభజన చెందుతున్న బి కణాల్లో ఏఐడీ అనే ఎంజైము ప్రతిరక్షకపు జన్యువులో ఉత్పరివర్తనలను (అక్షరాల మార్పులను) మామూలు కంటే సుమారు పది లక్షల రెట్ల వేగంతో కలిగిస్తుంది. ప్రతిజనకాన్ని మరింత గట్టిగా పట్టుకోగల కణాలు నిలుస్తాయి, తక్కినవి రాలిపోతాయి. రెండో విడత టీకా తర్వాత వచ్చే ప్రతిరక్షకాలు మొదటివాటికంటే మెరుగ్గా పనిచేయడానికి ఇదొక ముఖ్య కారణం.

డీఎన్ఏకు నకలైన ఆర్ఎన్ఏ స్థాయిలో జరిగే కత్తిరింపు దీనికి భిన్నం. పండ్ల ఈగల్లోని డిస్కామ్ అనే ఒక్క జన్యువు నుంచి, ఆర్ఎన్ఏ ముక్కలను రకరకాలుగా కలపడం ద్వారా 38,016 రూపాలు సాధ్యమవుతాయి. మూలప్రతి మాత్రం చెక్కుచెదరదు. బి కణం మూలప్రతినే కోస్తుంది, కోసింది తిరిగి రాదు.

అందుకే కత్తి గురి తప్పితే ప్రమాదం. 14వ క్రోమోజోము కొస తన జత ముక్కకు బదులు 18వ క్రోమోజోముపై ఉన్న, కణం చావును అడ్డుకునే బీసీఎల్-2 జన్యువుకు అతుక్కుంటే, చావవలసిన కణం చావకుండా మిగులుతుంది. ఫాలిక్యులర్ లింఫోమా అనే క్యాన్సర్ రోగుల్లో అత్యధికుల కణాల్లో కనిపించేది ఈ తప్పు అతుకే. మరోవైపు, రాగ్ ప్రొటీన్లు బొత్తిగా పనిచేయని శిశువులో బి కణాలూ ఉండవు, రోగనిరోధక వ్యవస్థలోని మరో రకమైన టి కణాలూ ఉండవు. సకాలంలో మూలకణ మార్పిడి జరగకపోతే, మనకు జలుబుతో పోయే వైరస్ కూడా ఆ పసికందు ప్రాణం తీయగలదు.