టికెట్టు కన్నా ముందు ఖాళీ కుర్చీ: వైద్య అధ్యాపకుల మార్పిడికి డబ్బు అమర్చే తీరు

పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విదేశాల నుంచి వచ్చిన పూర్వ విద్యార్థులకు నమస్కారం.

మన మెడికల్ కాలేజీకీ ఒక విదేశీ విశ్వవిద్యాలయానికీ అధ్యాపకుల మార్పిడికి ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కుదిరిందనగానే మాట మొదట విమానం టికెట్ల మీదకే పోతుంది. ఎవరు వస్తారు, ఎవరు వెళ్తారు, టికెట్టు ఎవరు కొంటారు? బడ్జెట్ కాగితం తీసి చూడండి. టికెట్లు, హోటలు, రోజుభత్యం, సంతకాల రోజు భోజనాలు ఉంటాయి. వెళ్ళిన మనిషి వెనక ఖాళీ అయిన కుర్చీ ఖర్చు మాత్రం అందులో ఎక్కడా ఉండదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ కుర్చీ గురించే.

ఒక గైనిక్ యూనిట్‌ని తీసుకోండి. ఒక ప్రొఫెసర్, ఒక అసోసియేట్, ఇద్దరు అసిస్టెంట్లు, ఒక సీనియర్ రెసిడెంట్. వారానికి రెండు ఓపీలు, రెండు ఆపరేషన్ రోజులు, ఒక అడ్మిషన్ రోజు. అసోసియేట్ గారు ఆరు వారాలు టొరంటో వెళ్ళారనుకోండి. పన్నెండు ఓపీలు, పన్నెండు ఆపరేషన్ రోజులు, ఆరు అడ్మిషన్ రాత్రులు మిగిలిన నలుగురి నెత్తిన పడతాయి. పీజీ థీసిస్ దిద్దేవాళ్ళుండరు. యూజీ క్లాసులు సర్దుబాట్లతో నడుస్తాయి. ఆవిడ తిరిగొచ్చేసరికి యూనిట్‌లో ముఖాలు మాడిపోయి ఉంటాయి. మరుసటేడు ఎవరైనా పేరిస్తే హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ఫైలు కదలనివ్వరు. ఆయన్ని తప్పుపట్టలేం, వార్డు నడపాల్సింది ఆయనే కదా!

అందుకే బడ్జెట్‌లో మొదటి వరుసగా బదులు మనిషి జీతం రాయండి. ఆరు వారాలకు ఆరు వారాల జీతం రాస్తే సరిపోదు. అప్పగింతకు ముందు రెండు వారాలు, తిరిగి తీసుకోవడానికి తర్వాత రెండు వారాలు కలిపి మొత్తం పది వారాలు లెక్కగట్టాలి. పది వారాల ఉద్యోగానికి ఊరు వదిలి వచ్చే డాక్టరు దొరకరన్నది ఇక్కడి చిక్కు. దానికి పనికొచ్చే మార్గం ఒకటుంది. ఒకే విభాగం నుంచి ఏడాదిలో నలుగురు ఒకరి వెనక ఒకరు వెళ్ళేలా క్యాలెండర్ కట్టి, ఏడాది కాంట్రాక్టు మీద ఒక పూర్తికాలపు పోస్టు పెట్టండి. నాలుగు పదులు నలభై వారాలు, మిగిలినవి సెలవులకూ పరీక్షలకూ పోతాయి. ఆ పోస్టుకు ప్రకటన, ఇంటర్వ్యూ, ఉత్తర్వు పూర్తయ్యాకే మొదటి టికెట్టు కొనాలి.

హాజరు సంగతి కూడా చూసుకోండి. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 నిబంధనల ప్రకారం అధ్యాపకులకూ సీనియర్ రెసిడెంట్లకూ పనిదినాల్లో కనీసం 75 శాతం హాజరు ఉండాలి. ఆరు వారాల ప్రయాణానికి వేసవి సెలవులు, ఇంట్లో ఒక పెళ్ళి, ఒక జ్వరం తోడైతే ఆ పాతిక శాతం ఎలా కరిగిపోయిందో తెలియదు. వెళ్ళేవారి ఏడాది సెలవుల లెక్క ముందే వేసి ఫైలులో పెట్టండి.

ఇప్పుడు బయట పనిచేసిన పద్ధతులు చూద్దాం.

2003లో ఇథియోపియా దేశం మొత్తానికి ఉన్న సైకియాట్రిస్టులు పదకొండు మంది. వాళ్ళలో నలుగురిని టొరంటో పంపి శిక్షణ ఇప్పించి ఉంటే ఆ నలుగురి కుర్చీలూ ఖాళీ అయ్యేవి, తిరిగి రాకపోతే శాశ్వతంగా ఖాళీ అయ్యేవి. అడిస్ అబాబా, టొరంటో విశ్వవిద్యాలయాలు దాన్ని తిప్పి ఆలోచించాయి. సైకియాట్రీ పీజీ కోర్సును అడిస్‌లోనే పెట్టి, టొరంటో నుంచి ఇద్దరు అధ్యాపకులు, ఒక సీనియర్ రెసిడెంట్ కలిసి నెల రోజులు, ఏడాదికి మూడుసార్లు వెళ్ళి పాఠం చెప్పారు. ఆ నమూనానే 2008 నుంచి ఇతర విభాగాలకూ విస్తరించారు. డబ్బు పెట్టేవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. ఎక్కువ సిబ్బంది ఉన్న చోటి నుంచి మనిషి కదిలితే ఖాళీ కుర్చీ ఖర్చు తక్కువ పడుతుంది. పదకొండు మంది ఉన్నచోట ఒకరు కదిలితే దేశంలో పదకొండో వంతు కదిలినట్టే.

కెన్యాలోని ఎల్డొరెట్‌లో మోయి విశ్వవిద్యాలయమూ అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమూ 1990 నుంచి కలిసి పనిచేస్తున్నాయి. అక్కడి కిటుకు వేరు. ఇండియానా అధ్యాపకులు ఎల్డొరెట్‌లోనే కాపురముండి పనిచేశారు. రెండు వారాలకో నెలకో వచ్చే అతిథులు ఆ స్థిరమైన మనిషి చుట్టూ పనిచేస్తారు. కొత్తగా వచ్చినవారికి రక్తపరీక్షల ఫారం ఎక్కడుంటుందో చూపడానికి స్థానిక డాక్టరు పని మానుకోనక్కర్లేదు. పొట్టి ప్రయాణాలకే డబ్బు పెట్టి పొడుగు మకాంకు పెట్టకపోతే, వచ్చిన ప్రతివారికీ వార్డు పరిచయం చేయడంతోనే ఆతిథ్య విభాగానికి తెల్లారిపోతుంది.

2012లో రువాండా మొదలుపెట్టిన ఆరోగ్య మానవ వనరుల కార్యక్రమం వీటన్నిటికన్నా పెద్దది. ఏడేళ్ళ ప్రణాళిక, సుమారు 15 కోట్ల డాలర్ల అంచనా, ఏటా వందమంది దాకా అమెరికన్ అధ్యాపకులు. డబ్బు రువాండా ప్రభుత్వం చేతికి వెళ్ళింది, అక్కడి నుంచి అమెరికన్ విశ్వవిద్యాలయాలకు వచ్చింది. ఓవర్‌హెడ్, అంటే విశ్వవిద్యాలయం తన నిర్వహణ ఖర్చుల కింద అదనంగా తీసుకునే వాటా, 7 శాతానికి మించకుండా ఒప్పించారు. ఇది చిన్న విజయం కాదు. పెద్ద అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో పరిశోధన గ్రాంట్ల ఓవర్‌హెడ్ రేటు 50 శాతం దాటే చోట్లు చాలా ఉన్నాయి. లక్ష డాలర్ల నేరుగా పెట్టే ఖర్చు మీద 55 శాతమంటే 55 వేలు, 7 శాతమంటే 7 వేలు. ఆ తేడా 48 వేలతో మన దగ్గర ఎన్ని బదులు పోస్టులు నడుస్తాయో మీరే లెక్కవేయండి. భాగస్వామితో మాట్లాడేటప్పుడు రెండు అడగండి. ఇది క్యాంపస్ బయట జరిగే పని కాబట్టి, అలాంటి పనులకుండే తక్కువ ఓవర్‌హెడ్ రేటు వర్తిస్తుందా? శిక్షణ గ్రాంట్లకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఇచ్చే 8 శాతం పద్ధతికి ఒప్పుకుంటారా? అడగకపోతే పూర్తి రేటు పడుతుంది.

రువాండాలో ప్రతి విదేశీ అధ్యాపకుడికీ ఒక స్థానిక అధ్యాపకుడిని జతకట్టాలన్నది ఆలోచన. జతకట్టడానికి స్థానికులు చాలక, ఒక్కొక్కరి మీదకు ఇద్దరు ముగ్గురు అతిథులు వచ్చిపడిన చోట జత పేరుకే మిగిలింది. ఆతిథ్యమిచ్చే అధ్యాపకుడికి వారంలో కొన్ని గంటలు పని తగ్గించాలి, ఆ గంటలకు డబ్బు కట్టాలి. కుర్చీలో మనిషి ఉన్నా, అతని సమయం అతిథికి పోతే అదీ సగం ఖాళీ కుర్చీయే.

అమెరికాకు మనవాళ్ళు వెళ్ళే వైపు చూద్దాం. అధ్యాపకులకు మామూలుగా జె-1 వీసా, అంటే మార్పిడి కార్యక్రమాల మీద వెళ్ళేవారి వీసా. 2025లో సెవిస్ (అలా వెళ్ళేవారి వివరాలు నమోదు చేసే అమెరికా వ్యవస్థ) ఫీజు 220 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185, రెండూ కలిపి 405. ఇన్సూరెన్సుకు నిబంధన కచ్చితం: ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి లక్ష డాలర్లు, వైద్య తరలింపుకు 50 వేలు, చనిపోతే మృతదేహాన్ని స్వదేశం చేర్చడానికి 25 వేలు, మన జేబు నుంచి కట్టే డిడక్టిబుల్ 500కు మించకూడదు. మామూలు ట్రావెల్ పాలసీ తీసుకుంటే తరలింపు దగ్గరే తేలిపోతుంది.

కేటగిరీ ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే మూడేళ్ళ ప్రణాళిక దెబ్బతింటుంది. రిసెర్చ్ స్కాలర్‌గా వెళ్ళి ఆ కార్యక్రమం ముగించుకుని వస్తే, మళ్ళీ అదే కేటగిరీలో వెళ్ళడానికి 24 నెలలు ఆగాలి. ఆరు వారాల చొప్పున ఏటా వెళ్ళాల్సిన మనిషికి షార్ట్ టర్మ్ స్కాలర్ కేటగిరీ సరైనది. దానికి గరిష్ఠం ఆరు నెలలు, ఆ 24 నెలల అడ్డు లేదు. జె-1 వీసాకు ఆతిథ్య సంస్థ పంపే డీఎస్-2019 ఫారం వచ్చిన రోజే కేటగిరీ గడిలో ఏముందో చదవండి. వీసా స్టాంపు పడ్డాక చూసి లాభం లేదు.

ఇంకొకటి, మనసుకు కష్టంగా ఉన్నా చెప్పాలి. ఇరవయ్యేళ్ళ అనుభవమున్న మన సర్జన్ ఆ వీసా మీద అక్కడ కత్తి పట్టలేరు. చూడవచ్చు, చర్చించవచ్చు, బోధించవచ్చు. కాబట్టి ప్రతిపాదనలో ‘కొత్త ఆపరేషన్లు నేర్చుకుంటారు’ అని రాయకండి. సిమ్యులేషన్ ల్యాబ్ నడిపే పద్ధతి, పరీక్ష ప్రశ్నల బ్యాంకు, మరణాల సమీక్ష సమావేశం నడిపే తీరు లాంటివి రాయండి. చేతిపని నేర్పించాలంటే వాళ్ళు ఇక్కడికి రావాలి. రోగిని ముట్టుకోవాలంటే వాళ్ళకు ఎన్‌ఎంసీ తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దానికి పట్టే నెలలను క్యాలెండర్‌లో వదిలిపెట్టండి. టూరిస్ట్ వీసా మీద రప్పించి వార్డులో నిలబెట్టడం ఎంత మంచి ఉద్దేశంతోనైనా చేయకూడని పని.

డబ్బు చేతికందే తీరు గురించి ఒక్క దృశ్యం చెబుతాను. రాత్రి పదకొండింటికి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ హోటల్ కౌంటర్ దగ్గర నిలబడ్డారు. గది బుక్ అయింది, అద్దె విశ్వవిద్యాలయమే కడుతుంది. అయినా డిపాజిట్‌గా కొంత మొత్తం పట్టి ఉంచడానికి క్రెడిట్ కార్డు అడుగుతారు. చేతిలో ఉన్నది ఇండియా డెబిట్ కార్డు, అంతర్జాతీయ వాడకం ఆన్ చేయలేదు. జేబులో ఉన్న నగదు వాళ్ళు తీసుకోరు. ఇలాంటి చోట ‘ముందు మీరు ఖర్చుపెట్టండి, బిల్లులిస్తే తర్వాత ఇస్తాం’ అనే రీయింబర్స్‌మెంట్ పద్ధతి ఎంత అన్యాయమో తెలుస్తుంది. టికెట్టు ఆతిథ్య సంస్థే నేరుగా కొనాలి. గది డిపాజిట్ వాళ్ళ కార్డు మీద ఉండాలి. మొదటి రెండు వారాల భత్యం బయలుదేరే ముందే ఫారెక్స్ కార్డులో పడాలి. ఈ మూడు వాక్యాలు ఎంఓయూ అనుబంధంలో ఉండాలి.

ఇక్కడున్న పూర్వ విద్యార్థులకు సంబంధించిన మాట. మీరు ఇచ్చే విరాళం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కిందికి వస్తుందా రాదా అన్నది మీ పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. భారత పౌరసత్వం ఉంచుకున్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరులైనవారు, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, పంపితే విదేశీ విరాళమే. తీసుకునే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బును మరో సంస్థకు మళ్ళించకూడదు. ఒక ట్రస్టు తీసుకుని మూడు కాలేజీలకు పంచుతుందనే పాత పద్ధతి ఇప్పుడు చెల్లదు. భాగస్వామ్యంలో పరిశోధన కూడా ఉంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దగ్గర ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి వేరే ఫైలు.

చిన్నగా మొదలుపెట్టాలనుకునేవారికి ఫుల్‌బ్రైట్ స్పెషలిస్ట్ పథకం మంచిది. రెండు నుంచి ఆరు వారాలకు అమెరికన్ నిపుణులు వస్తారు. విమాన ఖర్చు, గౌరవ వేతనం పథకం నుంచి వస్తాయి, ఇక్కడ బస, భోజనం, రవాణా ఆతిథ్య సంస్థ భరించాలి. అక్కడి అధ్యాపకుల కుర్చీ గురించి మనం బెంగపడనక్కర్లేదు.

చివరగా, డబ్బు ఆగిపోయే రోజు. రువాండా ఏడేళ్ళనుకున్న కార్యక్రమానికి పెప్‌ఫార్ (అమెరికా ప్రభుత్వం విదేశాల్లో ఎయిడ్స్‌పై నడిపే సాయ పథకం) నిధులు 2017తో ఆగాయి. 2025 మే 1న అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, తన గ్రాంటు పొందినవారు అందులో కొంత విదేశీ సంస్థలకు ఉపగ్రాంటుగా ఇచ్చే పాత పద్ధతిని నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది జూలై 1 నుంచి అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ విదేశీ సాయం అమలు ఆపేసింది. పీజీ కోర్సు మూడేళ్ళు. రెండో ఏట డబ్బు ఆగితే సగంలో ఉన్న పీజీలను ఏం చేస్తాం? అందుకని ప్రతి బ్యాచ్ చేర్చుకునే ముందు, ఆ బ్యాచ్ పూర్తయ్యే దాకా బోధనకు కావలసిన కనీస ఖర్చును వేరే ఖాతాలో డిపాజిట్ చేయించండి. ఒప్పందం రద్దు చేసుకునే నోటీసు గడువు ఆరు నెలలని రాయకండి. ‘చేరిన ఆఖరి బ్యాచ్ పరీక్షలు రాసేదాకా’ అని రాయండి. బదులు పోస్టులో ఉన్న డాక్టరు కాంట్రాక్టు కూడా ఆ తేదీకే ముగియాలి.