ముందు లేచి లైటు వేయండి

యాంకర్: నమస్కారం. ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. మనసు బాగోలేనప్పుడు మన చేతిలో ఉన్న చిన్న చిన్న పనుల గురించి మాట్లాడడానికి ఈ రోజు మానసిక వైద్యురాలు మనతో ఉన్నారు. మొదటి కాలర్, చెప్పండి.

కాలర్ 1: నమస్తే మేడం. ఆఫీసులో ఇవాళ అందరి ముందూ మా మేనేజర్ ఒక మాట అన్నారు. పొద్దున పదకొండింటికి అన్న మాట అది. ఇప్పుడు రాత్రి ఏడున్నర. ఇంకా అదే తిరుగుతోంది బుర్రలో. ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు.

డాక్టర్: ఇంటికొచ్చి ఎంతసేపైంది?

కాలర్ 1: గంటన్నర అయింది మేడం. అప్పట్నుంచీ సోఫాలోనే కూర్చున్నాను.

డాక్టర్: గదిలో లైటు వేసి ఉందా?

కాలర్ 1: లేదండి. చీకట్లోనే ఉన్నాను. సాక్సులు కూడా విప్పలేదు.

డాక్టర్: సరే, ఫోన్ పెట్టేయకండి. ముందు లేచి లైటు వేయండి. సాక్సులు విప్పి, మొహం కడుక్కుని, కాసిని మంచినీళ్లు తాగి రండి. మేం లైన్లోనే ఉంటాం.

యాంకర్: వారు వచ్చేలోపు అడుగుతాను మేడం. మేనేజర్ అన్న మాటకీ, సాక్సులు విప్పడానికీ ఏమిటి సంబంధం?

డాక్టర్: మనసు కుదుటపడ్డాక లేద్దాం అనుకుంటాం. చాలాసార్లు ముందు మనం లేవాలి, మనసు ఆ తర్వాతే కదులుతుంది. మనసు బాగోక పనులు మానేస్తాం. మానేసేసరికి కాస్త సంతోషం ఇచ్చేవి కూడా దూరమవుతాయి. దాంతో మనసు ఇంకా దిగజారుతుంది. పీటర్ లెవిన్‌సన్ అనే సైకాలజిస్టు 1970లలో డిప్రెషన్ విషయంలో ఈ చక్రాన్ని వివరించారు. ఇప్పటికీ దాని మీద ఆధారపడి చికిత్స చేస్తాం. “బాధపడకు” అంటే మనసు వినదండీ. కాళ్లూ చేతులూ వింటాయి. అందుకే అక్కడ మొదలుపెట్టమంటాను.

కాలర్ 1: వచ్చాను మేడం.

డాక్టర్: ఎలా ఉంది?

కాలర్ 1: కోపం పోలేదు. కానీ ఇందాకటంత బరువుగా లేదు.

డాక్టర్: ఆ మాత్రం చాలు. అది కోపమేనా, ఇంకేదైనానా? తొందర లేదు, ఆలోచించి చెప్పండి.

కాలర్ 1: ...అవమానం మేడం. నా జూనియర్లు అక్కడే ఉన్నారు.

డాక్టర్: ఇప్పుడు సరైన పేరు దొరికింది. భావానికి పేరు పెడితే మెదడులో అమిగ్డలా అనే భాగం ఉద్రేకం తగ్గుతుందని 2007లో స్కానింగ్‌తో చేసిన ఒక అధ్యయనంలో కనిపించింది. ఇక ఆ మాటని మళ్లీ మళ్లీ నెమరు వేయకండి. అలా తలుచుకునేవాళ్లకి దిగులు ఎక్కువసేపు ఉంటుంది. రేపు మేనేజర్‌తో ఏం చెప్పాలనుకుంటున్నారో రెండు వాక్యాల్లో కాగితం మీద రాసి పెట్టండి. తర్వాత ఒక్క పది నిమిషాలు బయట నడిచి రండి. మీకు జరిగింది చిన్న విషయం అని నేను అనను. కానీ ఈ సాయంత్రం మొత్తం దానికి ఇచ్చేయకండి.

యాంకర్: రెండో కాలర్, చెప్పండమ్మా.

కాలర్ 2: మేడం, నేను డిగ్రీ చదువుతున్నాను. మూడ్ బాగోకపోతే రీల్స్ చూస్తాను. రెండు గంటలు పోతాయి. ఫోన్ పక్కన పెట్టాక ఇంకా చిరాకుగా ఉంటుంది.

డాక్టర్: రాత్రి ఎన్నింటికి పడుకున్నావమ్మా? మధ్యాహ్నం తిన్నావా?

కాలర్ 2: రెండింటికి పడుకున్నాను మేడం. తినలేదు, తినాలనిపించలేదు.

డాక్టర్: అయితే ముందు తిను. ఆకలి, నిద్రలేమి కూడా చాలాసార్లు దిగులులాగే ఉంటాయి. ఫోన్ వేరే గదిలో పెట్టెయ్. చేతికి అందేచోట పెట్టుకుని చూడకూడదు అనుకుంటే కుదరదు. టెన్షన్‌గా ఉంటే ఒక శ్వాస పద్ధతి చెప్తాను, నాతోపాటు చెయ్. ముక్కుతో గాలి పీల్చు... ఆపకుండా ఇంకొంచెం పీల్చు... ఇప్పుడు నోటితో మెల్లగా, మొత్తం వదిలెయ్. ఆఁ, అలా. 2023లో వచ్చిన స్టాన్‌ఫోర్డ్ అధ్యయనంలో రోజుకి 5 నిమిషాలు, నెల రోజులపాటు ఇలా చేసినవాళ్ల మూడ్ మెరుగుపడింది.

యాంకర్: చివరి కాల్. చెప్పండి.

కాలర్ 3: మేడం, ఇలాంటివన్నీ ఇప్పటికే చేస్తున్నాను. నడుస్తున్నాను, స్నేహితులతో మాట్లాడుతున్నాను. నెల పైన అయింది, పొద్దున లేవగానే ఏడుపొస్తోంది. దేని మీదా ఇష్టం లేదు. నాలోనే ఏదో లోపం ఉందనిపిస్తోంది.

డాక్టర్: లోపం కాదమ్మా. దిగులు రెండు వారాలు దాటి, దాదాపు రోజంతా ఉంటే దాన్ని మూడ్ అని వదిలేయకూడదు. డాక్టర్‌కి చూపించుకోవాలి. థైరాయిడ్ తగ్గినా ఇలా ఉండొచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది. ఒక మాట సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. చనిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా?

కాలర్ 3: లేదండి. అలాంటిది రాలేదు.

డాక్టర్: మంచిది. ఎప్పుడు వచ్చినా ఒంటరిగా ఉండకండి, వెంటనే దగ్గరివాళ్లకి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్తారు?

కాలర్ 3: ఈ వారంలో చూస్తానండి.

డాక్టర్: రోజు చెప్పండి. ఎవరు వెంట వస్తారు?

కాలర్ 3: రేపు... మా అక్క వస్తుంది, అడిగితే.

డాక్టర్: అయితే ఈ లైను పెట్టేసి వెంటనే అక్కకి ఫోన్ చేయండి. నాతో ఇంకేం మాట్లాడొద్దు.

కాలర్ 3: సరే మేడం. చేస్తాను. పెట్టేస్తున్నాను.