జెండా వెనుక వైపు

అందరికీ నమస్కారం. చిక్కడపల్లిలోని ఈ గ్రంథాలయానికి వస్తూ నాతో ఒక చిన్న ఖాదీ జెండా తెచ్చాను. ఈ సాయంత్రం దాని వెనుక వైపు గురించి మాట్లాడతాను. కాగితం మీద వేసిన బొమ్మను ఒక వైపే చూస్తాం. గాలిలో ఎగిరే గుడ్డ మాత్రం క్షణానికో వైపు చూపిస్తుంది. సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీది జెండానే చూడండి. నెక్లెస్ రోడ్డు మీద ఉన్నవారికి ఒక వైపు కనిపిస్తే, సాగరానికి అవతల ఉన్నవారికి మరో వైపు కనిపిస్తుంది. జెండాను రూపొందించేవారు ఇద్దరినీ తలచుకోవాలి.

మన జెండా చరిత్రలో ఈ చిక్కు నిజంగానే వచ్చింది. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే ముప్పై నమూనాలతో ఒక పుస్తకం అచ్చు వేయించారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశం జరిగినప్పుడు తన నమూనాను గాంధీజీకి అందించారు. తర్వాత తెలుపు రంగు చేరింది, రాట్నం నడిమి గుర్తయింది. 1931 నాటి జెండాలోనూ రాట్నమే ఉంది.

ఇప్పుడు ఆ రాట్నాన్ని మనసులో చూడండి. ఒక పక్క పెద్ద చక్రం, మరో పక్క కదురు. చక్రం స్తంభం వైపే ఉండాలి. ముందు నుంచి చూస్తే అది ఎడమ పక్కన ఉంటుంది, వెనుక నుంచి చూస్తే కుడి పక్కకు వస్తుంది. అంటే రెండు వైపులా ఒకే బొమ్మ కుదరదు. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో తీర్మానం ప్రవేశపెడుతూ నెహ్రూ ఈ ఇబ్బందినే వివరించారు. కదురు, దారం తీసేసి చక్రాన్ని మాత్రం నిలుపుకున్నామని చెప్పారు. ఆ చక్రాన్ని సారనాథ్‌లోని అశోక స్తంభం నుంచి తీసుకున్నారు. ఇరవై నాలుగు ఆకుల ఆ చక్రాన్ని ఎటు తిప్పి చూసినా అదే చక్రం. అశోకుడి పేరు వినగానే మనకు ధర్మమే గుర్తొస్తుంది. కుట్టుపనిలో వచ్చిన ఒక చిక్కు కూడా ఆ చక్రానికి దారి చూపిందన్నది నన్ను ఇప్పటికీ కదిలించే విషయం. ఆ రోజు చర్చలో చివరగా మాట్లాడింది మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు.

ఇదే సమస్యను ఇతర దేశాలు తమ తమ తీరులో పరిష్కరించుకున్నాయి. సౌదీ అరేబియా జెండా మీద పవిత్ర వాక్యం ఉంది, అది తిరగబడకూడదు. అందుకే రెండు గుడ్డలను వీపుకు వీపు చేర్చి కుడతారు. బ్రెజిల్ జెండాలో 1889 నవంబర్ 15 నాటి రియో ఆకాశపు నక్షత్రాలు ఉన్నాయి. రెండు ముఖాలూ అచ్చంగా ఒకేలా ఉండాలనీ, ఒకటి మరొకదానికి తిరగేసిన రూపం కాకూడదనీ అక్కడి చట్టమే చెబుతుంది. పరాగ్వే మాత్రం వెనుక వైపును దాచుకోలేదు. ముందు నక్షత్రమున్న రాజముద్ర, వెనుక సింహమున్న ఖజానా ముద్ర. రెండు వైపులా వేరు వేరు గుర్తులున్న జాతీయ పతాకం నేడు అదొక్కటే.

మన ఆసఫ్‌జాహీల పసుపు జెండా నడుమ ఉన్న గుండ్రటి గుర్తును పెద్దలు కుల్చా రొట్టె అంటారు. మొదటి నిజాముకు ఒక సూఫీ గురువు పెట్టిన ఏడు కుల్చాల కథ ఈ నగరంలో అందరికీ తెలిసిందే. కథ నిజమో కాదో గానీ, ఆకలి తీర్చిన రొట్టె పతాకానికి ఎక్కిందని నమ్మిన ఊరు మనది. అది నాకు చాలా ఇష్టం.

ఇక నేను తెచ్చిన జెండాను మీ మధ్యకు పంపుతున్నాను. మన పతాక నియమావళి ప్రకారం చక్రం రెండు వైపులా పూర్తిగా కనిపించాలి. దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి: ముందున్న ఆకుల మీదే వెనుక ఆకులు సరిగ్గా కూర్చున్నాయో లేదో.