యాంటీబాడీ శుద్ధి: కాలమ్ పని మెంబ్రేన్‌కి అప్పగించవచ్చా?

యాంకర్: నమస్కారం. యాంటీబాడీ మందులను పెద్ద ట్యాంకుల్లో పెంచిన కణాలు తయారుచేస్తాయి. ఆ ద్రవంలోంచి మందును వేరుచేయడానికి ఇన్నాళ్లూ రెజిన్ అనే సన్నటి పూసలు నింపిన గొట్టాలు, అంటే కాలమ్‌లే దిక్కు. మరి మెంబ్రేన్, అంటే రంధ్రాలున్న పలచటి పొర, ఎందుకు సార్?

ప్రాసెస్ ఇంజనీర్: రెజిన్ పూసలు 50 నుంచి 100 మైక్రాన్ల సైజులో ఉంటాయండి. అణువు అంటుకునే చోట్లు ఎక్కువగా పూస లోపలి సన్నటి రంధ్రాల్లోనే ఉంటాయి. యాంటీబాడీ నెమ్మదిగా పాకుతూ అక్కడికి చేరాలి. అందుకే యాంటీబాడీని పట్టుకునే ప్రోటీన్ ఎ పూసల కాలమ్‌లో ద్రవాన్ని నాలుగైదు నిమిషాలు ఉంచుతాం. మెంబ్రేన్‌లో ప్రవాహమే అణువును మోసుకెళ్లి ఆ చోట దింపుతుంది. సెకన్లు చాలు.

యాంకర్: అయితే కాలమ్‌లు తీసేయొచ్చుగా?

వైరస్ భద్రత నిపుణురాలు: తొందరపడొద్దండి. ముందు దేన్ని పట్టుకోవాలో తేల్చుకోవాలి. చివరి దశల్లో మేం మందును పట్టుకోం, మలినాన్ని పట్టుకుంటాం. పిహెచ్ 7, 8 మధ్య చాలా యాంటీబాడీలకు ధనావేశం ఉంటుంది, డిఎన్ఎకి, చాలా వైరస్‌లకి రుణావేశం. ధనావేశమున్న మెంబ్రేన్ పెడితే మందు జారిపోతుంది, అవి అతుక్కుంటాయి. డిఎన్ఎ అంత పెద్ద అణువు పూస రంధ్రాల్లోకి దూరలేదు కూడా. ఈ పనికి మెంబ్రేనే మేలని నా నమ్మకం.

ప్రాసెస్ ఇంజనీర్: ఒప్పుకుంటాను. కానీ ఉప్పు ఎక్కువైతే ఆ పట్టు సడలిపోతుంది. ఒకసారి మా ట్రయల్ బ్యాచ్‌లో ముందు దశ నుంచి ఉప్పు ఎక్కువగా వచ్చి, డిఎన్ఎ మందుతో పాటే దాటిపోయింది. అప్పటినుంచి ఉప్పు ఎంతుందో చెప్పే కండక్టివిటీ (విద్యుత్ వాహకత) చూడనిదే పంప్ ఆన్ చేయను.

యాంకర్: మరి మొదటి దశలో మందునే పట్టుకోవాలి కదా?

ప్రాసెస్ ఇంజనీర్: అక్కడ లెక్క వేరండి. 10,000 లీటర్ల ట్యాంకులో లీటరుకి 5 గ్రాములుంటే 50 కిలోల యాంటీబాడీ. అంతా ఒకేసారి పట్టాలంటే చాలా పెద్ద మెంబ్రేన్ కావాలి. అందుకే చిన్నదాన్నే ఒక బ్యాచ్‌లో పదేపదే నింపి, కడిగి వాడతాం. బ్యాచ్ అయ్యాక పారేస్తే తర్వాతి బ్యాచ్ కోసం శుభ్రం చేసే బెడద ఉండదు. కాలమ్ అయితే చాలా బ్యాచ్‌లకు పనికొస్తుంది.

యాంకర్: వైరస్ ఫిల్టర్ సంగతేంటి మేడమ్?

వైరస్ భద్రత నిపుణురాలు: నాకు టెన్షన్ అక్కడే! యాంటీబాడీ దాదాపు 10 నానోమీటర్లు, పార్వోవైరస్ అనే బుల్లి వైరస్ 20 దరిదాపుల్లో. ఆ కాస్త తేడాతోనే వడకట్టాలి. ముద్దకట్టిన ప్రోటీన్ వస్తే రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి ముందు ఒక ప్రీఫిల్టర్ పెడతాం. అంతకంటే ప్రమాదం, మధ్యలో ప్రెజర్ ఆగడం. ప్రవాహం ఉన్నంతసేపు వైరస్ చిక్కిన చోటే ఉంటుంది. ఆగితే అటూ ఇటూ కదిలి, మళ్లీ ప్రవాహం మొదలవగానే మరో దారిన బయటపడొచ్చు.

యాంకర్: ఆపాల్సి వస్తే?

వైరస్ భద్రత నిపుణురాలు: ఎంతసేపు ఆపొచ్చో ముందే వైరస్‌తో పరీక్షించి ఉండాలి. ఆ హద్దు దాటితే, పని అయ్యాక ఫిల్టర్ చిల్లు పడలేదని చూసే ఇంటెగ్రిటీ టెస్ట్ పాసైనా సరే, నేను ఆ బ్యాచ్‌ను ముందుకు పంపనివ్వను.