రికార్డులో ఆ బుడబుడ చప్పుడు

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: విజయవాడ నుంచండీ. మా అబ్బాయి టెక్సస్‌లోని ఆస్టిన్ నుంచి వస్తూ ఒక ఎల్పీ రికార్డు తెచ్చాడు. థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ అని, ఆ ఊరి బ్యాండే, 1966 నాటి పాటలు. మొదటి పాట మొదలైన దగ్గర నుంచి వెనకాల బుడబుడమని ఒకటే చప్పుడు. దుకాణంలో అడిగితే ప్లేయర్ ముల్లు అరిగింది, మార్చుకోండి అన్నారు. మార్చమంటారా?

నిపుణుడు: తొందరపడకండమ్మా. వేరే రికార్డు పెట్టి చూశారా?

శ్రోత: చూశానండీ. ఘంటసాల గారి పాటలు శుభ్రంగా వస్తున్నాయి.

నిపుణుడు: అయితే ముల్లు బాగానే ఉంది. పోనీ గీత పడిందా అంటే, ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. గీత ఉంటే 1.8 సెకన్లకొకసారి 'టప్' మంటుంది. అలా ఉందా?

శ్రోత: లేదండీ. పాడే అతని గొంతు వెంట పడి పరుగెడుతోంది. పైకీ కిందికీ పోతోంది.

నిపుణుడు: సరిగ్గా విన్నారు! అది ఎలక్ట్రిక్ జగ్గు. పేరుకే ఎలక్ట్రిక్, నిజానికి ఉత్త కూజా. దాని మూతి దగ్గర నోరు, మైకు రెండూ పెట్టి ఆ బ్యాండులోని టామీ హాల్ చేసిన శబ్దం. 1920లలో అమెరికాలోని మెంఫిస్, లూయీవిల్ నగరాల జగ్ బ్యాండ్లలో కూజా ఊదేవారు, బాస్ వాద్యానికి బదులుగా, బొంగురుగా. హాల్ మాత్రం ఊదడం కన్నా అందులోకి గొంతుతోనే గబగబా పలికాడు. మీ ఇంట్లో మరచెంబు ఉందా?

శ్రోత: ఉంది, ఉండండి తెస్తాను... తెచ్చానండీ.

నిపుణుడు: మూతి దగ్గర పెదవులు పెట్టి 'డుబుడుబుడుబు' అనండి, వేగంగా.

శ్రోత: (చెంబులో బుడబుడమన్న శబ్దం) అయ్యో, ఇదేనండీ! రికార్డులో ఉన్నది ఇదే!

వ్యాఖ్యాత: మాకూ స్పష్టంగా వినిపించిందండీ!

నిపుణుడు: ఇక నా సలహా. ఆ మొదటి పాట 'యూ ఆర్ గొన్నా మిస్ మీ' రాసింది, మీరు విన్న ఆ గొంతు రాకీ ఎరిక్సన్‌ది. ఈ బ్యాండుకు రాకముందు స్పేడ్స్ అనే బృందంతో కూడా దాన్ని రికార్డు చేశాడు. అందులో జగ్గు లేదు. మీ అబ్బాయిని అడిగి అది ముందు వినండి, ఆ వెంటనే మీ ఎల్పీ పెట్టండి. మొదటిది మంచి గిటారు పాట, అంతే. రెండోదాంట్లో అదే కేక, అదే బాణీ, కానీ కింద ఏదో ఉడుకుతున్నట్లుంటుంది. నాకు ఇన్నేళ్లయినా ఒళ్లు జలదరిస్తుంది. అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో ఈ రెండోది 55వ స్థానం దాకానే వెళ్లింది. ఇంకా పైకి వెళ్లవలసిన పాట, నా లెక్కలో.

శ్రోత: చప్పుడు భయానికి రెండో వైపు తిప్పనే లేదండీ.

నిపుణుడు: ఈ రాత్రికే తిప్పండమ్మా. స్పీకరుకు దగ్గరగా కూర్చోండి.