ముందు దీపం, తర్వాత పెన్సిల్

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, శిబిరం నిర్వాహకులకు, ఇక్కడ బొమ్మలు గీసిన పిల్లలకు, వారితో పోటీపడి గీసిన పెద్దలకు నా అభినందనలు. పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ, ఇచ్చిన సమయమంతా దానికే సరిపోతుంది. మన్నించండి.

వస్తువుల బొమ్మలకు వెలుగునీడలు ఎలా వేయాలో చెప్పమన్నారు. వస్తూ వస్తూ బయట గోడకు పెట్టిన బొమ్మలన్నీ చూశాను. కూజాలు, సీసాలు, పుస్తకాలు, బంతులు, అన్నీ ఎంతో శ్రద్ధగా గీశారు. అయితే దాదాపు ప్రతి బొమ్మలోనూ వస్తువు చుట్టూ ఒక నల్లటి గీత ఉంది. లోపల వేలితో రుద్దిన బూడిదరంగు ఉంది. ఒక బొమ్మలో కూజాకు నీడ కుడివైపు ఉంటే, దాని పక్కనున్న బంతికి ఎడమవైపు ఉంది. ఒకే బల్ల మీద రెండు సూర్యులు! దీనికి నేను పిల్లలను తప్పుపట్టను. వాళ్ల ముందు వస్తువు ఉంచకుండా, దీపం పెట్టకుండా, "ఒక పక్క నల్లగా రుద్దు, అదే షేడింగ్" అని చెప్పే పద్ధతిని తప్పుపడతాను.

ఒక్క నిమిషం. హాలులో లైట్లన్నీ ఆర్పించగలరా? ఈ బల్ల మీది దీపం ఒక్కటి చాలు. కిటికీ తెర కూడా వేయండి. వెనక వరుసల వాళ్లు ముందుకు రండి, మొహమాటపడకండి.

ఇక్కడ తెల్ల కాగితం మీద ఒక కోడిగుడ్డు పెట్టాను. ఇంతసేపూ ఇది ఇక్కడే ఉంది, కానీ పైనుంచి అన్ని దిక్కులా వెలుగు పడుతుండటంతో చదునుగా కనిపించింది. ఇప్పుడు గుండ్రదనం వచ్చింది. దీపం వైపు తెల్లగా ఉంది. అక్కడి నుంచి వంపు తిరిగేకొద్దీ మెల్లగా మసకబారుతోంది. మరి అన్నిటికంటే నల్లటి చోటు ఎక్కడుంది? చివరి అంచున ఉందని చాలామంది అనుకుంటారు. చూడండి, అంచున లేదు. అంచుకు కాస్త లోపల, వెలుగు దాటలేని మలుపు దగ్గర ఒక పట్టీలా ఉంది. అది దాటాక అడుగు అంచున మళ్లీ కొంచెం తేటగా ఉంది. ఆ తేటదనం ఎక్కడిది? ఇప్పుడు కింది కాగితం తీసేసి నల్ల బట్ట పరుస్తున్నాను. చూశారా, పోయింది! కాగితం మీద పడిన వెలుగే తిరిగి గుడ్డు అడుగుకు తగిలింది. అది ప్రతిఫలించిన వెలుగు.

నెలవంక రోజుల్లో చంద్రుడి చీకటి భాగం కూడా లీలగా కనిపిస్తుంది, గమనించారా? భూమి మీద పడిన ఎండ తిరిగి చంద్రుడికి తగలడం వల్లే అలా కనిపిస్తుందని లియొనార్డో డావిన్చి 16వ శతాబ్దం మొదట్లోనే రాసుకున్నాడు. మన బల్ల మీద గుడ్డుకు జరిగినదే ఆకాశంలో చంద్రుడికీ జరుగుతోంది.

చంద్రుడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పి తీరాలి. 1609 వేసవిలో ఇంగ్లండులో థామస్ హారియట్ అనే గణిత, ఖగోళ శాస్త్రవేత్త దూరదర్శిని పెట్టి చంద్రుడిని చూసి బొమ్మ గీశాడు. వెలుగుకూ చీకటికీ మధ్య ఒక గరుకు గీత, లోపల కొన్ని మరకలు, అంతే. అదే ఏడాది చివర ఇటలీలో గెలీలియో చూశాడు. ఆయనకు చిత్రలేఖనంతో మంచి పరిచయం ఉంది. చీకటి భాగంలో విడిగా మెరిసే చుక్కలను చూసి, అవి ఎండ తగిలిన కొండ శిఖరాలని గ్రహించాడు. కొన్ని మచ్చలకు సూర్యుడి వైపు నలుపు, అవతలి వైపు తెలుపు ఉండటం చూసి అవి గుంటలని తేల్చాడు. బల్ల మీది బోర్లించిన గిన్నెకు సూర్యుడి వైపే కదా వెలుగు ఉంటుంది? వెల్లకిలా పెట్టిన గిన్నెలో అది తారుమారవుతుంది. నీడను చదవడం తెలిసినవాడికి చంద్రుడి మీద కొండలు కనిపించాయి. 1610లో గెలీలియో పుస్తకం వచ్చాక హారియట్ గీసిన బొమ్మల్లోనూ గుంటలు కనిపిస్తాయి. షేడింగ్ అంటే అలంకారమని ఎవరైనా అంటే వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

సరే, గుడ్డు దగ్గరకు వద్దాం. కింద పడిన నీడ చూడండి. గుడ్డు ఆనిన చోట కటిక నలుపు, అంచు పదునుగా ఉంది. దూరం పోయేకొద్దీ నలుపు పలచబడి అంచు చెదిరిపోతోంది. నీడంతా ఒకే నలుపుతో నింపితే వస్తువు కాగితం మీద కూర్చోదు, గాలిలో తేలుతుంది.

ఇప్పుడు కళ్లు సగం మూయండి. నిజంగానే మూయండి, అందరూ! చిన్నచిన్న వివరాలు మాయమై రెండే ముక్కలు మిగులుతాయి, వెలుగు, నీడ. ముందు ఆ రెండింటి మధ్య సరిహద్దు లేతగా గీసి, నీడ భాగమంతా ఒకే పలుచని ఛాయతో కప్పేయండి. వస్తువు మీది నీడ, కింద పడిన నీడ అక్కడ కలిసిపోయినా భయపడకండి. మిగతా ఛాయలన్నీ ఆ తర్వాత. నీడలో ఉన్న అత్యంత తేట చోటు కూడా వెలుగులో ఉన్న అత్యంత మసక చోటును మించకూడదు. ప్రతిఫలించిన వెలుగును తెల్లగా వదిలేసి బొమ్మ పాడుచేసుకునేవారు ఎందరో. అనుమానం వస్తే ఒక కాగితానికి రెండు చిల్లులు పెట్టి, ఒకదాంట్లో ఆ చోటు, రెండోదాంట్లో వెలుగు భాగం కనిపించేలా పట్టుకుని పోల్చండి. కంటిని ఊరికే నమ్మకూడదు. 1995లో ఎడ్వర్డ్ అడెల్సన్ అనే దృష్టి శాస్త్రవేత్త తయారుచేసిన చదరంగపు గళ్ల బొమ్మలో, నీడలో ఉన్న తెల్ల గడి, వెలుగులో ఉన్న నల్ల గడి కచ్చితంగా ఒకే బూడిదరంగు. ఆ సంగతి తెలిసి చూసినా కన్ను ఒప్పుకోదు.

పెన్సిల్ గురించి రెండు మాటలే చెబుతాను. లేత ఛాయలకు మామూలు హెచ్‌బి పెన్సిల్, లోతైన నీడలకు ఇంకా మెత్తగా, నల్లగా గీసే 4బి, 6బి చాలు. ఒకేసారి అదిమి రుద్దితే గ్రాఫైటు మెరుస్తుంది, నలుపు రాదు. పొర మీద పొర వేయండి, గీతలు వస్తువు వంపు వెంట పోనివ్వండి. వేలితో రుద్దకండి. చర్మంలోని జిడ్డు కాగితానికి పట్టి మరక రబ్బరుకు కూడా లొంగదు. పైగా రుద్దినప్పుడు కఠినమైన అంచు, మెత్తని అంచు రెండూ ఒకటైపోతాయి.

అంచు అన్నాను కదా, ఇక ఆపుకోలేను. కొంతకాలం కిందట ఒక పోటీకి న్యాయనిర్ణేతల్లో ఒకడిగా వెళ్లాను. ఒక అమ్మాయి బల్ల మీద తన నీళ్ల సీసా పెట్టుకుని, దాన్నే చూస్తూ గీసింది. సీసా చీకటి పక్క వెనకనున్న నీడలో కలిసిపోయిన చోట గీత గీయలేదు. వదిలేసింది! చూసేవాడి కన్ను ఆ అంచును తానే పూర్తిచేసుకుంటుంది. నాకు ఒళ్లు పులకరించింది. తక్కిన న్యాయనిర్ణేతలు "బొమ్మ పూర్తికాలేదు" అని మార్కులు కోసేశారు. నేను వాదించాను, నెగ్గలేదు. నున్నగా రుద్ది, చుట్టూ నల్ల గీత కట్టిన బొమ్మకు బహుమతి వెళ్లింది. ఆ అమ్మాయి తన కాగితం తీసుకుని, విడిచిపెట్టిన ఆ అంచు మీద అక్కడే గీత గీసేసింది. దగ్గర నిలబడి చూశాను. ఇప్పటికీ నాకు మింగుడుపడని సంగతి అది.

అందుకే నిర్వాహకులను సభాముఖంగా అడుగుతున్నాను. వచ్చే శిబిరంలో పోటీ పెడితే, పిల్లల చేతికి ఫొటోలు, నమూనా బొమ్మలు ఇవ్వకండి. నలుగురైదుగురికి ఒక బల్ల, దాని మీద ఒక గుడ్డో సీసానో, పక్కనుంచి ఒకే ఒక్క దీపం ఏర్పాటు చేయండి. గది చీకటిగా ఉంచండి. మార్కులు వేసేవారిని కూడా ముందు ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి, నీడ ఎటు పడుతోందో, ఏ అంచు ఎక్కడ కరిగిపోతోందో చూపించండి. దీపాల ఖర్చు నేను పెట్టుకుంటాను. ఒప్పుకుంటారా? తల ఊపితే చాలదు, మైకులో చెప్పండి.