నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

అందరికీ నమస్కారం. ఇది ఒటావాలోని డౌస్ లేక్ ఒడ్డు. ట్యూలిప్ పూల పక్కన చేతికర్ర లేకుండా మెల్లగా నడిచి వస్తున్నది మా అమ్మ. ఏడు వారాల కిందట, మార్చి చివర్లో, మా ఇంటి మెట్ల దగ్గర జారి పడింది. పగలు కరిగిన మంచు రాత్రికి గాజులా గడ్డకడుతుంది, ఆ పలుచని పొర కంటికి ఆనదు.

అత్యవసర విభాగంలో వైద్యురాలు ముందు ఎక్స్‌రే మాట ఎత్తలేదు. చీలమండకు ఇరువైపులా ఉబికి ఉండే ఎముకల వెనుక అంచును, కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర, వేలితో నొక్కి చూశారు. బయటి వైపు నొక్కగానే అమ్మ “అబ్బా, అక్కడే” అంది. నాలుగడుగులు వేయమంటే రెండో అడుగుకే ఆగిపోయింది. అప్పుడు ఎక్స్‌రే రాశారు. వీటిని ఒటావా నియమాలు అంటారు. ఇయాన్ స్టీల్ బృందం ఈ ఊళ్లోనే రూపొందించి 1992లో ప్రచురించింది. చీలమండ దెబ్బతో ఆసుపత్రికి వచ్చేవారిలో ఎముక విరిగేది 15 శాతం లోపే. మిగతావారికి అనవసరంగా ఎక్స్‌రే తీయకుండా ఆపడానికే ఈ నియమాలు.

మూడు చిత్రాలు తీశారు: ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, కాలు కొద్దిగా లోపలికి తిప్పి ఒకటి. “కాలు ఇంకొంచెం తిప్పమ్మా” అని తలుపు దగ్గర నిలబడి నేనే తెలుగులో చెప్పాను.

పేరు కప్పేసి, అమ్మ ఒప్పుకున్నాకే ఆ మూడో చిత్రం మీకు చూపిస్తున్నాను. టిబియా, ఫిబులా అనే రెండు ఎముకలు వడ్రంగి తొలిచిన గాడిలా ఉన్నాయి చూడండి. ఆ గాడిలో ఇమిడి ఉన్న చీలమండ ఎముక టాలస్. బయటి వైపున్న ఫిబులా మీద కీలు ఎత్తులో ఏటవాలుగా గీత ఉంది, ఎముక విరిగింది అక్కడే. ఇలా విరగడాన్ని వెబర్ బి రకం అంటారు. మా కళ్లన్నీ ఆ గీత మీదే. తిరుపతి నుంచి మేనమామ ఫోను చేసి, “అక్కను పంపించెయ్యమ్మా, పుత్తూరు కట్టు కట్టిద్దాం” అన్నాడు. ఇక్కడి స్నేహితులేమో ఆపరేషన్ చేయించి ప్లేటు వేయించమన్నారు.

వైద్యురాలు మాత్రం గీతను వదిలేసి, లోపలి వైపు టాలస్‌కూ టిబియాకూ మధ్య ఉన్న సన్నని ఖాళీని కొలిచారు. 3 మిల్లీమీటర్లు. అది 4 దాటి వెడల్పైతే ఎముకల్ని కట్టి ఉంచే లోపలి స్నాయువు తెగి, కీలు పట్టు తప్పిందేమోనని అనుమానించాలి. టాలస్ పక్కకు 1 మిల్లీమీటరు జరిగినా ఎముకలు ఆనుకునే మేర సగటున 42 శాతం తగ్గిపోతుందని 1976లోనే ఒక అధ్యయనం చూపింది. అంత చిన్న తేడా ఎంత అనుభవమున్న చేతికీ తెలియదని మామయ్యకు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఈసారి నిలబెట్టి తీస్తామన్నారు. విరిగిన కాలి మీద అమ్మను నిలబెట్టడమా! నా చేతులు చల్లబడ్డాయి. పడుకోబెట్టి తీస్తే కుదురుగా కనిపించే కీలు, ఒంటి బరువు పడితే విచ్చుకోవచ్చట. అది తేలితేనే కోయాలా వద్దా అన్నది తేలుతుంది. అమ్మ కడ్డీ పట్టుకుని, పళ్లు బిగబట్టి నిలబడింది. ఖాళీ 3 మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. ఆపరేషన్ వద్దు, చీలమండను కదలకుండా పట్టి ఉంచే బూటు వేసుకుని నొప్పి ఓర్చుకోగలిగినంత నడవండి, అన్నారు. ఆ సాయంత్రం నేను వంట చేయలేకపోయాను, ఊరట అంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు.

ఆరు వారాలకు తీసిన చిత్రంలో గీత మసకబారింది, ఖాళీ మారలేదు. మామయ్యకు పంపితే, ఆయన మొదట అడిగింది ఆ ఖాళీ గురించే.

అమ్మకు 62 ఏళ్లు. నిలబడి ఉన్న ఎత్తు నుంచి పడినందుకే ఎముక విరిగింది కాబట్టి ఎముకల సాంద్రత పరీక్ష కూడా రాశారు. అది వచ్చే మంగళవారం. ఆ రోజు తన చెప్పులే వేసుకుంటానని అమ్మ ఇప్పటి నుంచే చెబుతోంది.